దాసోహమున సగపాలు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వంటి పట్టణములలో ఒక ఉపాధ్యాయుడో వైద్యుడో ఉద్యోగవిరమణ చేసిన దినమున సన్మానసభ జరుగుట కలదు. ఆయనకు శాలువ కప్పి, పూలమాల వేసి, ముప్పది యేండ్ల సేవను కొనియాడుదురు. ఆయన యింట వారములు చేసికొని చదివిన పేద బాలురు పెద్దవారై వచ్చి కన్నీరు పెట్టుకొందురు. ఆ బాలురకు వండి వడ్డించిన యిల్లాలు స్త్రీల వరుసలో కూర్చుండి చూచుచుండును. చివర నెవరో జ్ఞప్తి చేయగా ఆమెను వేదికపైకి పిలిచి, ధర్మపత్ని సహకారమను ఒక్క మాటతో సరిపుచ్చుదురు.

ఇచ్చట నొక ప్రశ్న పుట్టుచున్నది. దంపతులు జీవితమంతయు ఊరికి సేవ చేసినపుడు ఆ సేవ యెవరిది? భర్త సంకల్పించి భార్య శ్రమించినచో అది ఆమె సేవ యనబడునా, విధేయత మాత్రమే యనబడునా?

ఈ ప్రశ్నను విచారించుటకు తెలుగునాట మంచి నిదర్శనము రాజమహేంద్రవరమున కలదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారికిని రాజ్యలక్ష్మమ్మగారికిని బాల్యముననే వివాహమైనది. పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాలను నెలకొల్పిరి. ఆ యేటనే వివేకవర్ధని పత్రికను ప్రారంభించిరి. వితంతు వివాహమును చట్టము 1856లోనే అంగీకరించినను సంఘ మంగీకరింపలేదు. ఆ సంఘము నెదిరించి పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహమును జరిపించిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసాహాయ్యము చేసిరి. ఊరివారు వెలివేసిరి. వంటవారు రాలేదు, నీళ్లు మోయువారు మానివేసిరి.

ధనమున్నను, శాస్త్రవాదమున బలమున్నను, కడవెడు నీళ్లు లేనిదే పెండ్లి జరుగదు. ఆ నీళ్లను గోదావరి నుండి మోసి తెచ్చినది రాజ్యలక్ష్మమ్మగారు. వంట చేసినదియు ఆమెయే. పండితులతో వాదించుటకు ఒక ధైర్యము కావలెను. వెలివేసిన ఊరి నడుమ నడచిపోయి కడవ ముంచుకొని వచ్చుటకు మరియొక ధైర్యము కావలెను.

పతి చెప్పినది చేయుట సతీధర్మమని తలచి ఆమె చేసినది, ఇందు ఆమె సంకల్ప మేమున్నదని కొందరు ఆక్షేపింపవచ్చును. ఈ ఆక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. అయినను ఒక దినపు పనిని ఆజ్ఞచే చేయింపవచ్చును గాని, ఏండ్ల తరబడి పరుల బిడ్డలను ఆదరించుట ఆజ్ఞచే జరుగునది కాదు. సంతానము లేని ఆ దంపతుల నీడను చేరిన వితంతు బాలికలకు ఆమె తల్లియై నిలిచెను. 1910లో కన్నుమూయువరకు ఆ పని విడువలేదు. భర్త సంకల్పముగా మొదలైనది క్రమముగా తన సంకల్పమైనదని ఆమె చేతలే చెప్పుచున్నవి. పంతులుగారు 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి తమ ఆస్తిని దానికి ధారవోసిరి, 1919లో పరమపదించిరి. ఆయన స్వీయచరిత్రమును వ్రాసికొనిరి. ఆమె కథ మనకు మిక్కిలిగా ఆయన కలము ద్వారానే తెలియుచున్నది.

భార్య మాటయే వినబడిన దాంపత్య మెట్లుండునో శరణులు ఏనాడో చూపిరి. మన నడిగడ్డకు పడమట ఆనుకొనియున్న రాయచూరు సీమలోని అమరేశ్వరము నుండి కల్యాణమునకు పోయిన ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మలు రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి దాసోహము చేసెడివారు. ఒకనాడు మారయ్య అవసరమునకు మించి తెచ్చెను. మన కింత యేల, తెచ్చినచోటనే పోసి రమ్మని లక్కమ్మ పలుకగా మారయ్య అట్లే చేసెనని శరణ సంప్రదాయము చెప్పుచున్నది. వండి వడ్డించిన ఆ చేయియే కాయకమునకు కొలతను గూడ నిర్ణయించినది. ఇరువురి వచనములును నేటికి నిలిచియున్నవి.

కావున సేవలో సగపాలనగా శ్రమలో సగమును, నిర్ణయములో సగమును అగును. వద్దని చెప్పగల స్వాతంత్ర్యమున్న యింటనే ఇల్లాలి అంగీకారమునకు విలువ కలదు. నలుగురిని భోజనమునకు పిలుచుటకు ముందు ఇంట బియ్య మెంత యున్నదో చూచుకొందుము. వండు చేతికి ఓపిక యెంత యున్నదో గూడ అడుగుట గృహస్థునకు తగిన పని. అడుగక చేసిన దానము పరుల సొమ్ముతో చేసిన దానము వంటిది.

ఇకమీదట మన పట్టణములలో సన్మానసభ జరిగినపుడు శాలువతో పాటు మాటాడు అవకాశమును గూడ ఆ తల్లి కిచ్చుట మేలు. ఆమె మాట పొగడ్త కాకపోవచ్చును. "మిక్కిలి అలసితిని నాయనా" అని యైనను కావచ్చును. ఊరు దానిని గూడ వినవలెను. ఊరి పిల్లలు పెరిగినది ఆ అలసట మీదనే గదా!