ఓడ జాబితాలో ముత్తాత

డర్బన్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ముత్తాతల ఆచూకీ తరచు ఓడల జాబితాల్లో దొరుకుతుంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ తొలి ఒప్పంద కూలీలను అక్కడికి చేర్చింది. ఆ జాబితాల్లో పేరు, వయసు, తండ్రి పేరు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీది గుర్తులూ రాసేవారు.

ఎందుకు ఓడెక్కారో మాత్రం రాయలేదు.

దానికి ఆనాటి జనజీవన చరిత్ర తిరగేయాలి. 1876-78 నాటి ధాత కరువు బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను పీల్చి పిప్పిచేసింది. అలా ఓడెక్కినవారికి డర్బన్ ఉన్న నాటాల్‌లో అయిదేళ్ల ఒప్పందం. చాలామందికి చెరకు తోటల్లోనే పని. 1895 చట్టం వచ్చాక చేరిన కూలీలు గడువు తీరినా అక్కడే స్వేచ్ఛగా ఉండాలంటే ఏటా 3 పౌండ్ల పన్ను కట్టాలి. ముత్తాత మళ్లీ ఒప్పందానికి ఒప్పుకోవడం వెనుక ఆ పన్ను భయం ఉండొచ్చు. 1913లో ఆ పన్నుకు వ్యతిరేకంగా గాంధీ పిలుపుతో వేలాది కూలీలు సమ్మె కట్టారు. 1914లో పన్ను రద్దయింది. వంశవృక్షం రాసుకునేవారు ఈ సంవత్సరాలను పూర్వీకుల పేర్ల పక్కనే రాసుకుంటే, వాళ్లు పడ్డ కష్టం, చూపిన తెగువ మనవలకు తెలుస్తాయి.