మట్టిమనిషి నోరు విప్పితే

సామూహిక ప్రార్థనకు యూదుల ఆచారం ప్రకారం కనీసం పదిమంది ఉండాలి. తొమ్మిదిమందే ఉన్నప్పుడు, మంత్రబలంతో చేసిన మట్టిమనిషిని, అంటే గోలెంను, పదోవాడిగా లెక్కపెట్టొచ్చా? 1718లో కన్నుమూసిన రబ్బీ త్స్వి అష్కెనాజీ ఈ ప్రశ్నను ఆషామాషీగా తీసుకోలేదు. ఆయన పూర్వీకుడే అలాంటి మనిషిని చేశాడని ప్రతీతి మరి. తీర్పు కోసం యూదుల ధర్మగ్రంథం తాల్మూద్‌లోని పాత కథను ఆశ్రయించాడు. రవా అనే పండితుడు ఒక మనిషిని సృష్టించి రబ్బీ జేరా దగ్గరికి పంపుతాడు. జేరా ఎంత పలకరించినా బదులు రాదు. తిరిగి మట్టైపొమ్మంటాడు జేరా. లెక్కకు వచ్చేదే అయితే అంతటివాడు దాన్ని మట్టిపాలు చేసేవాడా? కాబట్టి లెక్కకు రాదన్నాడు అష్కెనాజీ.

తుడిచేశారన్న సంగతే ఇక్కడ సాక్ష్యమైంది. అదే, జేరాకు జవాబు వచ్చి ఉంటే?

అమెరికన్ రచయిత్రి మార్జ్ పియర్సీ 1991లో రాసిన ‘హీ, షీ అండ్ ఇట్’ నవల సత్తా అంతా ఆ జవాబులోనే ఉంది. బ్రిటన్‌లో ‘బాడీ ఆఫ్ గ్లాస్’ పేరుతో వచ్చిన ఈ నవలకు 1993లో ఆర్థర్ సి. క్లార్క్ అవార్డు దక్కింది. కంపెనీల రాజ్యం, మనసుతోనే చొరబడగల నెట్‌వర్క్, పాడైపోయిన భూమి: 1984లో ‘న్యూరోమాన్సర్’తో విలియం గిబ్సన్ పరిచిన సైబర్‌పంక్ లోకమే ఇదీ. కాకపోతే ఇందులో ఒక అమ్మమ్మ ఉంది, ఆమె కథలు చెబుతుంది.

తన కొడుకును మాజీ భర్తకు అప్పగించేసిన కంపెనీని వదిలి, కథానాయిక షీరా తన పుట్టిల్లయిన తిక్వా అనే స్వతంత్ర యూదు పట్టణానికి తిరిగొస్తుంది. అక్కడ అవ్రామ్ అనే శాస్త్రవేత్త పట్టణ రక్షణ కోసం చట్టం కళ్లుగప్పి ఒక సైబోర్గ్‌ను చేశాడు. ముందు చేసినవేవీ కుదరలేదు. ఇతను పదోవాడు, పేరు యోద్. అవ్రామ్ యోద్‌కు పోరాటం నేర్పాడు. షీరా అమ్మమ్మ మల్కా ఆ ప్రోగ్రాంలో మృదుత్వాన్నీ, తోడు కోసం ఆరాటాన్నీ చేర్చింది. అంతటితో ఊరుకోక 1600 ప్రాంతపు ప్రాగ్ కథ చెప్పడం మొదలుపెడుతుంది. యూదువాడను మూకల దాడి నుంచి కాపాడేందుకు రబ్బీ లోవ్ మట్టితో జోసెఫ్‌ను చేస్తాడు. అతను రబ్బీ మనవరాలు ఖవాను ప్రేమిస్తాడు. ముప్పు తప్పాక, బతకాలనుందని వేడుకున్నా రబ్బీ వినడు.

మట్టి వినాయకుడిని ఆవాహన చేసి, పూజించి, ఉద్వాసన చెప్పే తెలుగు ఇంట్లో వచ్చినవాడు అతిథి; సాగనంపేటప్పుడు కూడా మళ్లీ రమ్మనే వేడుకుంటారు. జోసెఫ్ రబ్బీ ఇంటికి అతిథి కాడు, కాపలా పనిముట్టు. నవలలో అసలు పాపం ప్రాణం పోయడం కాదు, పని చెప్పి ప్రాణం పోయడం.

మంత్రాక్షరాలకూ ప్రోగ్రాంకూ చుట్టరికం కలిపింది పియర్సీ ఒక్కతే కాదు. 1965లో రెహోవోత్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ కొత్త కంప్యూటర్‌కు ‘గోలెం ఆలెఫ్’ అని పేరు పెట్టింది యూదు మార్మికతను జీవితాంతం చదివిన గెర్షోమ్ షోలెమ్.

షీరా, యోద్ ప్రేమలో పడతారు. ఎవరో రాసిపెట్టిన కోరిక ప్రేమవుతుందా అన్న సందేహం పాఠకుడిని వదలదు. కానీ పడుచుప్రాయంలోనే గాది అనే కుర్రాడి మీద పెట్టుకున్న ప్రేమ చెదిరాక మరొకరికి మనసివ్వలేకపోయిన షీరా మాత్రం స్వేచ్ఛగా ఉందా? యోద్‌ను పియర్సీ దేవుణ్ని చేయలేదు. బిడ్డను తేవడానికి వెళ్లినప్పుడు అతని చేతిలో షీరా మాజీ భర్త చనిపోతాడు. ఆ బరువు ఆమెను వదలదు.

చివరికి శత్రువుల మధ్య పేలిపొమ్మని యోద్‌కు ఆజ్ఞ. వెళ్తాడు. వెళ్తూ అదే సమయానికి అవ్రామ్ ప్రయోగశాల కూడా పేలేలా ఏర్పాటు చేస్తాడు. తనలాంటి ఆయుధం మరొకటి పుట్టకూడదని. అవ్రామ్ పోతాడు. కానీ యోద్ తయారీ వివరాలు షీరా దగ్గర మిగిలే ఉన్నాయి. మళ్లీ చేసుకోవచ్చు. ఆ ఆశతో కొంతకాలం గడిపి, చివరకు వాటిని తనే నాశనం చేస్తుంది. మళ్లీ చేస్తే అతను ఆమెను ప్రేమించడానికే పుడతాడు, వద్దనే వీలుండదు. అవ్రామ్ కాపలా కోసం చేసిన పనిని ఆమె ప్రేమ కోసం చేసినట్టవుతుంది.

మల్కా ఆలోచన మరోలా ఉంటుంది. ఆమె దృష్టిలో సరైన దారి నవలలోని మరో స్త్రీ నీలీది. యంత్రశక్తులు కలుపుకున్నా ఆమె ఎవరి సొత్తూ కాని మనిషి. యంత్రానికి మనసిచ్చి బానిసగా వాడుకోవడం కన్నా మనిషే కొంత యంత్రం కావడం మేలంటుంది మల్కా. సొంతదారు లేకపోవడమే నీలీ బలమైతే, యోద్‌కు కావలసిందీ అదే. అతనికి పౌరసత్వం ఇవ్వాలా వద్దా అని తిక్వా సభ వాదించుకుంటూ ఉండగానే అతన్ని చావుకు పంపించారు.