తుపాకి శిక్షణ పత్రం, సాక్షి ధర్మం

నేర్పని విద్యను నేర్పానని శిక్షకుడు సంతకం పెడితే అది దొంగ సాక్ష్యమే. చట్టం కూడా అలాగే చూస్తుంది. 2016 ఆయుధ నియమాల్లో 10వది, లైసెన్సు కోరేవారు భద్రతా శిక్షణ పొంది ఎస్-1 ఫారంలో ధ్రువపత్రం చూపాలంటుంది. కాల్చడమే కాదు, తుపాకిని పిల్లలకు అందకుండా దాచడం కూడా అందులో పాఠమే. చట్టం కోరే పత్రాన్ని ముఖ్య విషయంలో అబద్ధమని తెలిసీ ఇచ్చినవారికి భారతీయ న్యాయ సంహిత 234వ సెక్షన్ అబద్ధ సాక్ష్యానికి వేసే శిక్షే వేస్తుంది. తెలిసీ వాడుకున్నవారికి 235 వర్తిస్తుంది.

అయితే నేర్పకుండా పత్రం ఇవ్వొచ్చా అన్న ప్రశ్న అనంతపురం మెట్ట పొలాల్లో అంత తేలిగ్గా తెగదు. వానను నమ్ముకుని వేసిన చెనక్కాయ ఊడలు దిగి కాయ పట్టే వేళకు అడవిపందులు వచ్చి సాళ్లకు సాళ్లు తవ్విపోస్తాయి. నిజంగా పంట కాపలాకే అయితే గొట్టంలో మందు కూరి పేల్చే తుపాకికి 1959 ఆయుధ చట్టం 13వ సెక్షన్ కింద లైసెన్సు దొరుకుతుంది. తండ్రి దగ్గరే తుపాకి పట్టిన రైతు, తెలిసినదానికి మళ్లీ శిక్షణ ఎందుకంటాడు. ఆ మాటను తీసిపారేయలేం. అయితే మందు కూరిన తుపాకిని మంచె గుంజకు ఆనించి పడుకోవడం అలవాటైన మనిషికి తప్పుగా తోచదు. దాన్ని పట్టుకునేది పక్కనుండి చూసే శిక్షకుడి కన్నే. పత్రం హామీ ఇచ్చేది ఆ చూపుకే.

భారతీయ తర్కశాస్త్రమైన న్యాయదర్శనం ఆప్తుడి మాటను జ్ఞానానికి ఒక ప్రమాణంగా ఒప్పుకుంది. ఉన్నదున్నట్టు చెప్పేవాడే ఆప్తుడని తర్కసంగ్రహంలో ఆంధ్ర పండితుడు అన్నంభట్టు నిర్వచించాడు. లైసెన్సు ఇచ్చే కలెక్టరు పోలీసు నివేదిక తెప్పించుకోగలడు గానీ ప్రతి శిక్షణనూ కళ్లారా చూడలేడు. అక్కడ శిక్షకుడి మాటే ఆయనకు ఆధారం. ఆ మాట అబద్ధమైతే, తుపాకి ఒక్కసారీ పేలకపోయినా అపచారం జరిగిపోయినట్టే. ఇంట్లోని పిల్లలు, పక్క చేని కౌలురైతు తమకు తెలియకుండానే ఆ సంతకం మీద ఆధారపడి ఉన్నారు. డబ్బు తీసుకోలేదు, మొహమాటానికి ఇచ్చానన్నా వాళ్లకు జరిగిన అన్యాయం తగ్గదు.

తప్పుడు సమాచారంతో పొందిన లైసెన్సును ఆయుధ చట్టం 17వ సెక్షన్ కింద రద్దు చేయవచ్చు. అప్పుడు తుపాకిని పోలీసు స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలరు వద్దో అప్పగించాలి. ఆ రద్దు కోసం శిక్షకుడు ఎదురుచూడకూడదు. పత్రం అబద్ధమని తానే కలెక్టరుకు రాసివ్వడం, ఆ రైతును పిలిచి పాఠం మొదటినుంచీ చెప్పడం సాక్షిగా అతని మీదున్న బాధ్యత.