నీళ్ళకు ఎక్కిళ్ళు

మా ఇంట్లో కుళాయికి ఎక్కిళ్ళు పట్టుకున్నాయంటే మీరు నవ్వుతారు. నవ్వండి. మొదట్లో నేనూ నవ్వాను. పోయిన ఎండాకాలం మొదట్లో ఒకరోజు పొద్దున్నే బియ్యం కడుగుదామని కుళాయి తిప్పితే ధారగా వచ్చే నీళ్ళు కాస్తా ఒకసారి భళ్ళున వచ్చి చీర తడిపేశాయి. మరుక్షణం దారప్పోగంత సన్నగా అయిపోయాయి. మళ్ళీ భళ్ళున, మళ్ళీ సన్నగా. దానికి తాళం వేస్తున్నట్టు మేడమీద మోటారు "టుక్కు టుక్కు"మని ఆగుతూ, తిరుగుతూ మొత్తుకుంటోంది.

"ఏమండీ, కుళాయికి ఎక్కిళ్ళొస్తున్నాయి" అన్నాను.

"ఎవరో తలుచుకుంటున్నారేమో" అన్నారు మావారు పేపర్లోంచి తల ఎత్తకుండానే.

ఆయన హాస్యానికే అన్నారు గానీ, ఆ మాట ఎంత నిజమో తెలియడానికి నాకు నెల రోజులు పట్టింది.

ఆ ఆదివారమే అమెరికా నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడు పాతది ఒక మోటారు హోము కొన్నాడు. అంటే ఇల్లే బండెక్కిందన్నమాట! అందులోనే పడకా, వంటిల్లూ, స్నానాల గదీ. వెనకటికి మన గంగిరెద్దులవాళ్ళు సంసారమంతా వెంట తిప్పుకున్నట్టు వీళ్ళు సెలవులకి ఇల్లు వెంట తిప్పుకుంటారు. మాటల్లో నా కుళాయి గోడు చెబితే వాడు పకపకా నవ్వి, "మాదీ అదే రోగం అక్కా! మా బండిలో కూడా నీళ్ళు అలాగే కొట్టుకున్నాయి" అన్నాడు. పన్నెండు వేల కిలోమీటర్ల అవతల, చక్రాల మీది ఇంటికీ మేడ్చల్‌లో మా ఇంటికీ ఒకే జబ్బు!

వాడు చేసిన వైద్యమంతా చెప్పాడు. మొదట పంపు ముందుండే జల్లెడ విప్పి చూశాడట. చిన్న ప్లాస్టిక్ పీచు అడ్డం పడి ఉంది. తీశాడు, తగ్గలేదు. తర్వాత తొట్టి నుంచి పంపుకి వచ్చే గొట్టం బిగువు చూశాడు. అక్కడ సందు ఉంటే పంపు నీళ్ళతోపాటు గాలినీ మింగుతుందట. బిగించాడు, కొంచెం తగ్గింది. అసలు తప్పు ఇంకోచోట ఉంది. పంపుకీ కుళాయికీ మధ్య చిన్న డబ్బా ఒకటి ఉంటుంది. దాని లోపల ఒక పక్క గాలి, ఒక పక్క నీళ్ళు, మధ్య రబ్బరు పొర. పంపు తిరిగినప్పుడు నీళ్ళు లోపలికి వెళ్ళి గాలిని అదుముతాయి. పంపు ఆగినప్పుడు ఆ గాలే నీళ్ళని మెల్లగా బయటికి నెడుతుంది. అందుకే ధార సమంగా వస్తుంది. ఆ డబ్బాలో గాలి పోతే పంపుకి విశ్రాంతి ఉండదు. కుళాయి తిప్పగానే ఉలిక్కిపడి లేస్తుంది, ఒత్తిడి నిండగానే ఆగిపోతుంది, మళ్ళీ లేస్తుంది.

ఫోన్ పెట్టేశాక ఆ డబ్బా గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. నిజానికి కొన్ని ఇళ్ళల్లో ఆ డబ్బా పని చేసేది అమ్మలే కదా! పిల్లలు ఎక్కువ ఇచ్చినా దాచుకుని, నాన్నలు తక్కువ ఇచ్చినా సర్దిపెట్టి, సంసారం ధార తెగకుండా చూసే మనుషులు. వాళ్ళలో గాలి పోయిననాడు తెలుస్తుంది ఇల్లెలా కొట్టుకుంటుందో.

మర్నాడు ప్లంబరుని పిలిచాను. ఇక్కడి కుర్రాడే. నా తెలివంతా ప్రదర్శిస్తూ రబ్బరు పొర గురించి చెప్పబోతే ఓపిగ్గా విని, "టాంకీల గాలి పోయిందమ్మా. గాలి లేకుంటే గిట్లనే కొట్టుకుంటది" అన్నాడు ఒక్క ముక్కలో. మోటారు ఆపి, కుళాయి తెరిచి నీళ్ళు పోనిచ్చాడు. డబ్బాకి సైకిలు ట్యూబుకి ఉన్నట్టే వాల్వు ఉంది. దాని పుల్ల నొక్కి చూశాడు. "నీళ్ళొస్తే రబ్బరు చిరిగినట్టు. మీది మంచిగనే ఉంది" అని, మోటారు లేచే ఒత్తిడి కంటే ఒక పిసరు తక్కువగా గాలి కొట్టాడు. పది నిమిషాల పని. ధార పట్టుదారంలా జారింది. నాకెంత సంతోషమో!

ఆ కుర్రాడు అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరమే ఉండేది కాదు.

"గిది బాగైంది గానీ, కింద మోటరు గంటలు గంటలు తిరుగుతది, మీద టాంకీ నిండదు అన్నరు కదా" అంటూ వీధి గుమ్మం పక్కకి వెళ్ళాడు. మా ఇంటికి రెండు మోటార్లు. ఒకటి మేడమీది నీళ్ళని గదుల్లోకి తోసేది. రెండోది వీధి నల్లా గొట్టానికే తగిలించి, వచ్చే నీళ్ళని నేరుగా మేడమీదికి లాగేది. అది పెట్టి నాలుగేళ్ళయింది. పక్కవాళ్ళు పెట్టారు, మేమూ పెట్టాం. నల్లా వచ్చే వేళ దాన్ని వేయించి చూశాడు. గొట్టంలోంచి బుస్సుమని చప్పుడు, నాలుగు చుక్కలు, మళ్ళీ బుస్సు.

"నీళ్ళు కాదమ్మా, మీరు పీల్చేది గాలి. గల్లీ అంతా మోటర్లే పెట్టిన్రు. లైన్ల నీళ్ళు ఏడికెల్లి వస్తయి? ఆఖరింటికి సుక్క పోదు."

ఆఖరిల్లు! అప్పుడు నా గుండెల్లో ఏదో కలుక్కుమంది.

మా వీధి చివర చిన్న రేకుల ఇల్లుంది. ఆ ఇంటామె బట్టలు కుడుతుంది. రెండేళ్ళుగా దాదాపు రోజూ రెండు బిందెలతో మా గుమ్మంలోకి వస్తుంది. "అక్కా, మా నల్లా వస్తలేదు. రెండు బిందెలు పట్టుకోనా?" అంటుంది. నేను పట్టుకోమంటాను. "నీ కడుపు సల్లగుండ అక్కా" అని దీవిస్తుంది. ఊరికే పట్టుకెళ్ళడం ఇష్టంలేక తన పెరట్లోని కరివేపాకు రెబ్బలు తెచ్చి గట్టుమీద పెడుతుంది. నేను లోలోపల ఎంత మురిసిపోయేదాన్నో! నీళ్ళు లేని ఇంటికి నీళ్ళిచ్చే పుణ్యం ఊరికే దొరుకుతుందా అనుకునేదాన్ని.

అమ్మలారా, ఆ నీళ్ళు ఆమెవే. ఆమె గొట్టంలోకి వెళ్ళవలసిన నీళ్ళని మోటారు పెట్టి లాక్కుని, అందులో రెండు బిందెలు తిరిగిచ్చి, దీవెనలూ కరివేపాకూ పుచ్చుకున్నాను!

ఆ రాత్రి మావారితో అంటే ఆయన తేలిగ్గా కొట్టిపారెయ్యలేదు. ఆలోచించే చెప్పారు. "మనం ఒక్కళ్ళం మోటారు తీసేస్తే ఆవిడకి నీళ్ళు పోతాయా? మన వాటా పక్కింటి మోటారు లాగుతుంది. ఆవిడకీ ఉండవు, మనకీ ఉండవు. ఎవరికీ ఉపయోగం లేని మంచితనం దేనికోయ్?"

ప్రశ్న గట్టిదే. బి.ఏ.లో ఫిలాసఫీ పేపరు చదివే రోజుల్లో కాంట్ అనే జర్మన్ పెద్దమనిషి గురించి చెప్పారు. నువ్వు చేసే పని అందరూ చేస్తే ఎలా ఉంటుందో ఊహించుకో, అప్పటికీ అది నిలబడితేనే చెయ్యి అన్నది, 1785లో ఆయన రాసిన పుస్తకంలోని సారాంశం. పరీక్షకి బట్టీపట్టి మర్చిపోయాను. ఇన్నాళ్ళకి అది మా వీధి గొట్టంలో కనిపించింది. ఒక్కళ్ళు మోటారు పెడితే లాభం. అందరూ పెడితే అందరికీ గాలే. పైగా కరెంటు బిల్లు. అంతేకాదు, అలా పీల్చినప్పుడు గొట్టంలో ఎక్కడ చిల్లు ఉంటే అక్కడ చుట్టూ ఉన్న మురుగు కూడా లోపలికి వస్తుంది. 2025 ఏప్రిల్‌లో హైదరాబాదు జలమండలి వాళ్ళు ఇలాంటి మోటార్ల కోసం వీధులు గాలించారు. దొరికితే మోటారు పట్టుకుపోవడం, 5,000 రూపాయల జరిమానా. కానీ జరిమానా భయంతో తీసేస్తే అది లెక్క అవుతుంది గానీ ధర్మం కాదు కదా!

1968లో గారెట్ హార్డిన్ అనే ఆయన, ఊరుమ్మడి పచ్చికలో ఎవరికి వాళ్ళు ఒక గొడ్డుని ఎక్కువ తోలుకుంటూ పోతే చివరికి పచ్చికే మిగలదని రాశాడు. చాలామంది తలలూపారు. ఎలినార్ ఆస్ట్రమ్ అనే ఆవిడ మాత్రం, అది ప్రతిచోటా నిజం కానక్కర్లేదు అంది. మనుషులు కూర్చుని మాట్లాడుకుంటే ఉమ్మడి సొత్తుని తరతరాలు కాపాడుకోగలరని ఊళ్ళు చూసి మరీ రుజువు చేసింది. స్పెయిన్‌లో వాలెన్సియా అనే ఊళ్ళో గురువారం గురువారం చర్చి గుమ్మం ముందు కాలవ నీళ్ళ పంచాయితీ కూర్చుంటుంది. 2009లో ఆమెకి నోబెల్ బహుమతి వచ్చింది. అర్థశాస్త్రంలో అది అందుకున్న మొదటి స్త్రీ ఆవిడే. ఊరుమ్మడి నీళ్ళ లెక్క ఆడదానికి అర్థం కావడంలో ఆశ్చర్యమేముంది చెప్పండి!

అంత దూరం పోనక్కర్లేదు. ఈ తెలంగాణ పల్లెల్లో చెరువు నీళ్ళు పంచడానికి నీరటికాడు ఉండేవాడు. శామీర్‌పేట చెరువు కట్ట మీంచి వెళ్ళినప్పుడల్లా నాకతను గుర్తొస్తాడు. తూము దగ్గరి పొలం దొరదైనా, చివరి మడి చిన్న రైతుదైనా, వంతు ప్రకారం నీళ్ళు పారించడం అతని పని. తూము దగ్గరివాడు పెద్దవాడు గనక న్యాయం ఎప్పుడూ జరిగేదని నేననను. అయినా నీళ్ళు సరిగా పారాయో లేదో తెలియాలంటే చూడవలసింది తూము దగ్గర కాదు, చివరి మడి దగ్గర అన్న తెలివి ఆ పనిలోనే ఉంది.

2015 నుంచి మన నగరం దాహానికి ఎల్లంపల్లి దగ్గర గోదావరి నీళ్ళు ఎత్తి, గుట్టలెక్కించి, మల్లారంలో శుద్ధి చేసి, కొండపాక మీంచి మా పక్కనున్న ఘనపూరు దాకా పంపుతున్నారు. నూట ఎనభై పైచిలుకు కిలోమీటర్లు నడిచి వచ్చిన గోదారమ్మ, మా వీధిలో వంద గజాలు దాటి చివరింటికి చేరలేకపోయింది. మా గుమ్మం ముందు మేం పట్టేసుకున్నాం.

మావారి ప్రశ్నకి నా దగ్గర గొప్ప జవాబేమీ దొరకలేదు. నా మోటారు తీసేసినంత మాత్రాన ఆమె నల్లా రాకపోవచ్చు. కానీ ఆమె నల్లా రాకపోవడానికి కారణమైనవాళ్ళలో నేనుండను. రెండూ ఒకటి కావు. ఫలితం నా చేతిలో లేదు, నా వాటా పాపం నా చేతిలో ఉంది. అదీగాక, మోటారు పెట్టుకుని "మీరు తియ్యండి" అని పక్కింటావిడతో ఏ మొహం పెట్టుకుని చెప్పను?

గుమ్మం పక్కన గచ్చు పగలగొట్టించి సంపు కట్టించాం. నల్లా నీళ్ళు వాటంతట అవి ఎంత వస్తే అంత అందులో పడతాయి. అక్కణ్ణుంచి మా మోటారు మేడమీదికి లాగుతుంది. సంపు పల్లంలో ఉంటుంది గనక అదీ వాటాకి మించి తాగుతుందని ప్లంబరు హెచ్చరించి, నిండగానే మూతపడే బంతి వాల్వు పెట్టాడు. ఖర్చయింది. ఈ ఏడు గాజులు మార్పించుకోవడం మానేశాను. మొదటి వారం తొట్టి సగమే నిండితే మావారు నావంక చూశారు గానీ ఏమీ అనలేదు. అదే పదివేలు. సంపంటే మాత్రం ఏమిటి, తమ్ముడు చెప్పిన డబ్బాయే కాస్త పెద్దది! ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య కాస్త జాగా, కాస్త ఓపిక. అది లేకపోతే మనిషైనా మోటారైనా ఇంకొకరి గొట్టంలోంచి పీల్చడమే.

తర్వాత మా వీధిలో ఇద్దరిళ్ళు మోటార్లు తీశారు. మిగతావాళ్ళు చూద్దామన్నారు. పోయిన నెల ఒకరోజు చివరింటామె బిందెలు లేకుండా వచ్చింది. "అక్కా, మా నల్లాల సన్నగ వస్తున్నయి. బిందెకి అర్ధగంట పడ్తుంది గానీ వస్తున్నయి" అంది. చేతిలో కరివేపాకు అలాగే ఉంది. "గిదెందుకే, ఇప్పుడు నీళ్ళు పట్టుకెళ్ళడం లేదుగా" అన్నాను. "నువ్వు రెండేండ్లు పోసినవు, మర్సిపోతనా?" అంది.

అప్పుడు చెప్పాలి. నోటిదాకా వచ్చింది. నోట్లో కూడా గాలి చేరిందేమో, మాట ఎక్కిళ్ళు పడి ఆగిపోయింది. కరివేపాకు పుచ్చుకున్నాను. ఆ పూట చారులో వేస్తే మావారు వాసన బాగుందన్నారు. నాకు మాత్రం మింగుడు పడలేదు.

మోటారు విప్పడం తేలికే. ప్లంబరు పావుగంటలో విప్పాడు. తప్పు ఒప్పుకోవడమే ఏ రెంచికీ లొంగని బిగింపు. చేసిన అన్యాయం ఆపేస్తే చాలా, పడినవాళ్ళకి చెప్పాలా? చెప్తే ఆమె మనసులోంచి ఒక మంచి అక్క పోతుంది. చెప్పకపోతే నాది కాని దీవెన నా దగ్గరే ఉండిపోతుంది. ఎటు చూసినా నష్టమే. అయితే మొదటి నష్టం నాది, రెండోది ఆమెది. రెండేళ్ళు ఆమె నష్టపడింది. ఇప్పుడు వంతు నాది.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఈ పత్రిక మా ఇంటికి ప్రతివారం వస్తుంది. నేను చదివాక మిషను దగ్గర కూర్చుని చదువుకుంటానని ఆమె పట్టుకెళుతుంది. ముందు ఈ అనుబంధమే తిప్పుతుంది.

వచ్చేవారం ఆమె కరివేపాకు తెస్తుందో లేదో చూడాలి.