ఒక్కపొద్దులో పూతమందు

ఉపవాసం ఉన్నవారు మోకాలికి నొప్పి జెల్ పూసుకుంటే ఒక్కపొద్దు చెడుతుందా అన్నది రంజాన్ నెలలోనూ ఏకాదశినాడూ ఎదురయ్యే ప్రశ్న. పూత ఒంటి పైనే ఉండిపోతుందనుకుంటే జవాబు తేలిక. కానీ ఇప్పటి జెల్‌ను తయారుచేసేదే మందు చర్మం దాటి లోపలికి పోవాలని.

చర్మం పైపొరలో మృతకణాలూ, వాటి మధ్య వరుసలు తీరిన కొవ్వూ ఉంటాయి. దాని మందం చాలాచోట్ల మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు మించదు. అయినా బరువు 500 డాల్టన్లు దాటిన అణువుల్ని దాదాపుగా రానివ్వదు. నొప్పికి వాడే డైక్లోఫెనాక్ సుమారు 296 డాల్టన్లే; అదీ ఊరికే పూస్తే కొద్దిగానే దిగుతుంది. అందుకే జెల్‌లో ప్రొపిలీన్ గ్లైకాల్, ఐసోప్రొపైల్ ఆల్కహాలు, మెంథాల్ వంటివి కలుపుతారు. కొన్ని ఆ కొవ్వు వరుసల్ని సడలిస్తాయి, కొన్ని చర్మంలో మందు కరిగే వీలు పెంచుతాయి. కడప జిల్లా సింహాద్రిపురం తోటల్లో పండే చీనీకాయ తొక్క నూనెలో చాలా భాగం లిమొనీనే. అది కూడా ఈ పని చేస్తుందని ప్రయోగాల్లో తేలింది. ఇంత చేసినా, ఒక మోకాలికి రోజుకు 16 గ్రాముల 1 శాతం జెల్ పూస్తే రక్తానికి చేరేది మాత్ర మింగినప్పటి దానిలో సుమారు 6 శాతమే. కొద్దిదే, కానీ చేరుతుంది. ప్రశ్న ఇక్కడే బిగుస్తుంది.

నూనె రాసుకున్నా, కళ్ళకు సుర్మా పెట్టుకున్నా రోజా (రంజాన్ ఉపవాసం) చెడదని 12వ శతాబ్దపు హనఫీ ధర్మశాఖ గ్రంథం ‘హిదాయా’లో మర్గీనానీ చెప్పాడు. స్వేదరంధ్రాల గుండా వచ్చేది లెక్కలోకి రాదు, చన్నీళ్ళ స్నానంలో చల్లదనం లోపలికి తగిలినట్టే అదీ అన్నాడు. చర్మంలోంచి ఏదీ పోదని ఆయన అనలేదు. పోయినా అది తినడం తాగడం కాదన్నదే వాదన. అందుకే కొత్త రసాయనశాస్త్రం ముందు ఆ తీర్పు కూలలేదు. 1997లో జెడ్డాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ (ధర్మశాస్త్ర) అకాడమీ, చర్మం పీల్చుకునే నూనెలు, లేపనాలు, మందు పట్టీలు రోజాను చెరపవని తీర్మానించింది. పోషక ద్రవాలు ఎక్కించడానికి మాత్రం ఆ మినహాయింపు ఇవ్వలేదు. గట్టి పరీక్ష నికోటిన్ పట్టీ. సిగరెట్టు తాగితే రోజా చెడుతుంది. అదే నికోటిన్ పట్టీలోంచి దిగితే ఆ తీర్మానం ప్రకారం చెడదు. తేడా వచ్చిన దారిలోనే ఉంది, పదార్థంలో లేదు. ఈ చిక్కు పూర్తిగా విడలేదనే చెప్పాలి. జెల్‌లోని ఆల్కహాలు మరో సంగతి. అది శుచికి సంబంధించిన చర్చ, ఉపవాసానికి కాదు.

హిందూ ధర్మశాస్త్రాలు మందు పోయే దారిని ఇంతగా పట్టించుకోలేదు. ఉపవాసదినాన అభ్యంగనం, తాంబూలం వద్దన్నాయి. నూనె ఒంట్లోకి ఇంకుతుందని కాదు, అది భోగమని. నూనె ఇంకుతుందన్న సంగతి వైద్యులకు తెలియక కాదు. చర్మంలోని భ్రాజకాగ్ని పూసిన నూనెల్నీ లేపనాల్నీ పచనం చేస్తుందని సుశ్రుత సంహిత చెబుతుంది. మరోవైపు వ్రతాన్ని చెరపని ఎనిమిదింటిలో నీళ్ళు, పాలు, పండ్లతో పాటు ఔషధాన్నీ చేర్చారు. ఆ లెక్కన ఏకాదశినాడు తలంటుకు కూడని నువ్వులనూనె నొప్పిపెట్టే మోకాలికి కూడుతుంది.

నొప్పిని ఓర్చుకోవడం ఈ రెండు సంప్రదాయాల్లోనూ ఉపవాసానికి షరతు కాదు. రోజుకు నాలుగుసార్లు పూయమన్న జెల్‌ను సాయంత్రం ఉపవాసం విడిచే ఇఫ్తార్ దాకా ఆపనక్కర్లేదు; డాక్టరును అడిగి తెల్లవారుజామున తినే సహరీకో ఇఫ్తార్ తర్వాతకో మార్చుకోవలసింది మింగే మాత్రనే.