ముగ్గురిలో వంత ఎవరు?

ముగ్గురు కలిసి ఒక పని చేస్తే అందులో ఒకడు పెద్ద, ఇద్దరు వెనకాల వాళ్ళు. మనకి చిన్నప్పట్నుంచీ తెలిసిన లెక్క ఇదే. బుర్రకథనే చూడండి. ఎంత గొప్ప ప్రజాకళ అది! అందులోనూ తంబురా పట్టినవాడు కథకుడు, డక్కీలు పట్టిన ఇద్దరూ వంతలు. ఒకడు హాస్యం చెప్తాడు, ఇంకొకడు రాజకీయం చెప్తాడు. కథ మాత్రం కథకుడిదే.

ముగ్గురిలో ఎవడూ వంత కాకుండా వాయించడం కుదురుతుందా? ఒకడి మీద ఒకడు పెత్తనం చెయ్యకుండా కలిసి ఉండటం సాధ్యమా? నాకు సంగీతం రాదు. అయినా ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

1971లో న్యూయార్కులో కొందరు నల్లజాతి కళాకారులు ఒక బృందం కట్టారు. పేరు రివల్యూషనరీ ఎన్సెంబుల్. విప్లవ బృందం అనుకోండి. లెరాయ్ జెంకిన్స్ వయొలిన్, సిరోన్ బాస్, జెరోమ్ కూపర్ డ్రమ్ములు. జెంకిన్స్ అంతకుముందు నాలాగే పంతులు. అలబామా రాష్ట్రంలో మొబైల్ అనే ఊళ్ళో, తర్వాత షికాగోలో బడిపిల్లలకి సంగీతం నేర్పాడు. షికాగోలో 1965లో నల్లజాతి సంగీతకారులు పెట్టుకున్న ఏఏసీఎం అనే సంఘంలో పనిచేశాడు. ఎవరి సంగీతం వాళ్ళే కట్టుకోవాలి, ఇంకొకరిది వాయించొద్దు అనేది ఆ సంఘం కట్టుబాటు. ఈ ఒక్క మాట మీద మనం ఎన్ని సభలైనా పెట్టుకోవచ్చు.

ఈ ముగ్గురి మొదటి రికార్డు 1972లో వచ్చింది. పేరు 'వియత్నాం'. అమెరికా అక్కడ బాంబులు కురిపిస్తున్న రోజులవి. అదే ఏడు బొంబాయిలో మనవాళ్ళు అమెరికా నల్లవాళ్ళ పార్టీ పేరు తెచ్చుకుని దళిత్ పాంథర్స్ పెట్టారు. ఆ రికార్డు ఫోన్లో వింటే మొదట గోలగా ఉంటుంది. తాళం చేతికి దొరకదు. జాజ్‌లో డ్రమ్ము వాయించేవాడి పని మిగతావాళ్ళకి కాలం లెక్కపెట్టి పెట్టడం. వాళ్ళు పాడుకుంటారు, వీడు కొలుస్తాడు. 1964లో ఆల్బర్ట్ ఐలర్ ముగ్గురి బృందంలో సన్నీ ముర్రే ఆ కొలిచే పని చెయ్యలేదు. కూపర్ ఆ దారిలోవాడే. డ్రమ్ము ఇంకొకరికి చాకిరీ చెయ్యదు, తన మాట తను చెప్తుంది. ముందే కట్టుకున్న వరసలు కొన్ని ఉన్నా, ఎక్కువభాగం అక్కడికక్కడ పుట్టిందే.

ఎవడిష్టం వాడిదైతే సంతయిపోదా అంటారు. కాదు. ఇద్దరైతే అది సంభాషణో, తగాదానో. ముగ్గురు ఉన్నప్పుడే అసలు చిక్కు. ఇద్దరు ఒకటైతే మూడోవాడు వెలి. అందుకని ప్రతివాడూ వాయిస్తూనే మిగతా ఇద్దర్నీ వినాలి. గట్టిగా కొట్టగలవాడు ఆగగలగాలి. తాళమూ రాగమూ కాపలా లేనిచోట కాపలా చెవులే. ఊరంతా మా పల్లె మాట వినకుండా వేల ఏళ్ళు బతికింది కాబట్టి, ఈ వినడం చిన్న విషయమని నేననుకోను.

మా నాయన డప్పు కొట్టేవాడు. చావుకో దెబ్బ, పెళ్ళికో దెబ్బ, జాతరకో దెబ్బ. పదమూడు రకాలు వచ్చు ఆయనకి. వాటిలో ఏది ఎప్పుడు కొట్టాలో ఒక్కనాడూ ఆయన చేతిలో లేదు. కబురొస్తే పోవాలి, పొమ్మంటే రావాలి. కానీ ఒకటి చూసేవాణ్ణి. చావింటి ముందర మంటేసి డప్పులు కాక చూపేటప్పుడు, బిగువు సరిపోయిందో లేదో తెలుసుకోడానికి మా నాయన, పెదనాయన, ఇంకో మామ కాసేపు కొట్టుకునేవాళ్ళు. దానికి పేరు లేదు. ఒకాయన రెండు దెబ్బలేస్తే ఇంకొకాయన అడ్డం తగిలేవాడు, మూడో ఆయన నవ్వి వేరే దోవ పట్టించేవాడు. ఇంతలో అరుగు మీంచి "ఏందిరా, ఇంక మొదలెట్టండి" అని కేక. అంతే, చావు దెబ్బ.

దాన్ని స్వేచ్ఛ అందామంటే నాకు నోరు రాదు. తెల్లవార్లూ కొట్టాలి, ఇచ్చిందే పుచ్చుకోవాలి. న్యూయార్కు ముగ్గురికీ అరుగు మీద ఎవడూ లేడు. వాళ్ళ కష్టం వేరే రకం. అయినా మా నాయన చేతుల్లో ఉన్నదేమిటో నాకు తెలిసింది ఆ కాసేపట్లోనే. కూలిచ్చినవాడికి అది అక్కర్లేదు, అందుకే ఆయనకి మిగిలింది.

విప్లవం పేరు పెట్టుకుని పాటా నినాదమూ లేకుండా వాయిస్తే జనానికేం అందుద్ది అని ఉద్యమంలో మిత్రుడొకాయన అడిగాడు. జీతమొచ్చే పంతులు సరదా ఇది అని కూడా అన్నాడు. ఆ బృందం 1977లో విడిపోయింది, 2004లో మళ్ళీ కలిసి వాయించింది. జనం వేలల్లో వచ్చారని నేను చెప్పను. కానీ మా వాళ్ళ ప్రతి దెబ్బా ఎవరికో ఒకరికి పనికొచ్చి తీరాలా? ఈ మాట మొదట అన్నది ఊరు. ఇప్పుడు మనమూ అదే అంటే ఎట్లా?

1994లో దండోరా లేచాక డప్పు మన జెండా అయ్యింది. దానికి నాకు గర్వమే. మొన్నొక సభలో ముగ్గురు కుర్రాళ్ళు స్టేజీ ముందు కొడుతున్నారు. అప్పుడే మంచి ఊపందుకుంది, ఒకడు వరస మార్చాడు, మిగతా ఇద్దరూ వాడి ముఖం చూస్తున్నారు. వక్త వచ్చి మైకు పట్టుకున్నాడు. ఆ మిత్రుడే ఆపమని చెయ్యూపాడు. వాళ్ళు డప్పులు భుజాలకి తగిలించుకుని స్టేజీ వెనక్కి పోయారు. కరపత్రంలో పద్దెనిమిది పేర్లున్నాయి, వాళ్ళవి లేవు.