ఏడాది తీరికయు, ఇంటి తిరుగలియు

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము 5, 6 వచనములలో రెండు ఆజ్ఞలు పక్కపక్కన నున్నవి. పెండ్లియైన తొలి సంవత్సరము యువకుని యుద్ధమునకు పిలువరాదు, ఊరి బాధ్యత లేవియు అతని నెత్తిన పెట్టరాదు, ఆ యేడు అతడు ఇల్లు విడువక కాపురము చేసి భార్య మనస్సును సంతోషముగా నుంచవలెను అనునది మొదటి దాని భావము. అప్పిచ్చినవాడు ఋణస్థుని యింటినుండి తిరుగలిని గాని దాని పైరాతిని గాని కుదువకు తీసికొనిపోరాదు, అట్లు చేయుట ఆ యింటివారి ప్రాణమును కుదువ పెట్టించుకొనుటయే అనునది రెండవ దాని భావము. చదువువారు సాధారణముగా వీటిని సంబంధము లేని రెండు సంగతులుగా నెంచి దాటిపోవుదురు. మేము అట్లు తలంచుట లేదు. మొదటి ఆజ్ఞ ఒక సంవత్సరమును కాపాడుచున్నది, రెండవది ఒక దినమును కాపాడుచున్నది. తిరుగలి పోయిన యింటిలో ఆ పూట పిండి లేదు. మా తట్టు మాటలో చెప్పవలెనంటే, ఆ పూట ముద్ద లేదు. పడుచు కాపురమునకు ఈ రెండును కావలెను.

మా గుడిబండ మండలము కర్ణాటక పొలిమేరలో నున్నది. ఇండ్లలో కన్నడమును తెలుగును కలిసి నడచును. వక్కతోటలున్న చోట కొంత నీరున్నది, తక్కిన చోట్ల వానకై ఎదురుచూచు వేరుసెనగ చేలు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడు సీమ ఇది. అదియు అదను తప్పి పడుట మామూలు. కనుక పడుచువారు పనికి బయటికి పోవుట మాకు క్రొత్త గాదు. బెంగుళూరు దగ్గరనే యున్నది. హిందూపురము చుట్టుపట్ల బట్టలు కుట్టు ఫ్యాక్టరీలున్నవి, ధర్మవరములో పట్టు మగ్గములున్నవి. 2019 డిసెంబరులో పెనుకొండ యొద్ద కియా కార్ల ఫ్యాక్టరీకి ప్రారంభోత్సవము జరిగినది. ఏటికి 3 లక్షల కార్లు చేయు శక్తితో దానిని కట్టిరి. 2022 ఏప్రిల్‌లో మా జిల్లా అనంతపురమునుండి విడిపోయి శ్రీ సత్యసాయి జిల్లా అయినది. ఇన్ని మారినను తెల్లవారుజామున పొయ్యి వెలిగించుట, బిందెలతో నీళ్లు పట్టుట, ఆవుకు మేత వేయుట, ముద్ద కెలకుట మారలేదు. ఇవి ప్రతి దినము ఎవరో ఒకరు చేయుచునే యున్నారు.

మా సంఘములోని ఒక పడుచు జంట సంగతి చెప్పుదుము. పేర్లు అక్కర లేదు. ఇటువంటివారు ప్రతి ఊరిలోను ఉన్నారు. వేసవిలో వారి పెండ్లి జరిగినది. పదునైదు దినములకు కుర్రవాడు బెంగుళూరు బస్సెక్కినాడు. కట్టడపు పని, గదిలో ఆరుగురు. అమ్మాయి అత్తయొద్ద నిలిచినది. జూలైలో విత్తనము వేసినప్పుడు ఆమె వాంతులు చేసికొనుచునే చేనికి పోయినది. కాయ పెరుకు నాటికి కడుపు కనబడుచుండెను. క్రిస్మసుకు అతడు వచ్చి మూడు దినములుండి పోయినాడు. తరువాత ఆమెను కాన్పునకు పుట్టింటికి తీసికొనిపోయిరి. మార్చిలో బిడ్డ పుట్టగా తండ్రి మొదట ఫోనులో చూచినాడు. బిడ్డకు మూడవ నెల వచ్చి తల్లి మరల అత్తయింటికి చేరిన దినములలో, ఒక రాత్రి వారి యింట ప్రార్థనకూటము జరిగినది. పైన చెప్పిన అధ్యాయమే అప్పుడు చదివితిమి. అత్త పొయ్యియొద్దనుండి లేచి వచ్చి, "అయ్యగారూ, దేవుడు ఏడాది ఇంట్లో ఉండమన్నాడే. మావాడు ఉండింది ఇరవై ఎనిమిది రాత్రులు. నేను లెక్కపెట్టినా. మిగతా దినాలన్నీ ఎవురు తిన్న్యారు?" అని అడిగినది.

కూటములో కొందరు నవ్విరి. కోడలు నవ్వలేదు.

ఆ ప్రశ్నను మేము అప్పటినుండి మోయుచున్నాము. బెంగుళూరు తిన్నదని చెప్పుట సులభము. పట్టణములను నిందించుట ప్రసంగీకులకు అలవాటు. కాని కుర్రవాడు పట్టణపు సొగసు కోరి పోలేదు. పెండ్లికి తెచ్చిన అప్పు 2 లక్షలు. నూటికి నెలకు 3 రూపాయల వడ్డీ. అనగా నెలకు 6,000, సంవత్సరమునకు 72,000 వడ్డీకే పోవును, అసలు అట్లనే నిలిచియుండును. ఆ అప్పు షామియానాకు, వీడియోకు, పాటల పెట్టెలకు, ఇరుపక్షముల పెద్దల గౌరవమునకు సరిపడు భోజనములకు, కొంత బంగారమునకు పోయినది. ఖర్చు నిర్ణయించినవారు పెద్దలు. నోటు వ్రాసినది పెండ్లికుమారుని పేరున. ఈ కాలమున రాజు సేనకు పిలుచుట లేదు, వడ్డీ పిలుచుచున్నది. రాజు పిలుపునకు మోషే ధర్మశాస్త్రములో మినహాయింపు దొరికినది, వడ్డీ పిలుపునకు మన సంఘములలో దొరకలేదు.

కానా ఊరి విందును చూపి మాతో వాదించినవారున్నారు. ప్రభువే విందునకు వెళ్లెనుగదా అందురు. నిజమే, విందు మంచిది. అయితే ద్రాక్షారసము తక్కువైనప్పుడు ఆ యింటివారు వడ్డీవ్యాపారియొద్దకు పరుగెత్తినట్లు అక్కడ వ్రాయబడలేదు.

రెండవ ఆజ్ఞ, అనగా తిరుగలిని కుదువ పెట్టరాదనునది, మన దేశపు చట్టములోను ఒక రూపమున నున్నదని చాలమందికి తెలియదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారము, కోర్టు డిక్రీ పడినను బాకీదారుని యింటి వంటపాత్రలను, పరుపులను, వానికిని వాని భార్యాబిడ్డలకును కావలసిన బట్టలను జప్తు చేయరాదు. మతాచారమును బట్టి స్త్రీ తన మేనినుండి తీయరాని ఆభరణములను, చేతిపనివాని పనిముట్లను, సేద్యగాని కాడి ఎద్దులను, విత్తనమును కూడ ముట్టరాదు. చట్టము మంచిదే. అది కోర్టు అమీనాను ఆపును. కాని కోడలు తన చెవి కమ్మలు తానే తీసి ఇచ్చినప్పుడు ఆపువారెవరు? వడ్డీ గడువు దాటిన నెలలో అత్త తన పాడి ఆవును సంతకు తోలినప్పుడు, బిడ్డకు పాలు అంగడినుండి కొనవలసి వచ్చినప్పుడు, తిరుగలి పోయినట్లే గదా! ఎవరును దౌర్జన్యము చేయలేదు. తిరుగలి మాత్రము పోయినది.

ఇక్కడ ఒక ఆక్షేపణ కలదు, అది తేలిక గాదు. పేదవాడు ఏడాదిపాటు ఇంట కూర్చుండి ఏమి తినును? ధర్మశాస్త్రము దున్నుటను మానుమని చెప్పలేదు. ఆ యువకుడు తన చేను తాను దున్నుకొనవచ్చును, తన గొఱ్ఱెలను కాచుకొనవచ్చును. ఇతరులు అతనిని పిలువరాదు, ఇతరుల బరువు అతనిమీద పడరాదు, అంతే. తీరిక యనగా సోమరితనము గాదు. ఆజ్ఞ యువకునికి ఇయ్యబడినట్లు కనబడును గాని, దాని బరువంతయు అతని చుట్టునున్న వారిమీద నున్నది: సేనాధిపతిమీద, ఊరి పెద్దలమీద, పొరుగువారిమీద. వారు చేయి వెనుకకు తీసికొననిదే అతనికి ఏడాది లేదు.

పట్టుపురుగులు పెంచువారికి ఈ మాట సులభముగా బోధపడును. హిందూపురము, మడకశిర ప్రాంతములలో మల్బరీ తోటలు గలవారు మా పాఠకులలో అనేకులున్నారు. పురుగు గూడు కట్టులోపల నాలుగుమారులు చర్మము విడుచును. దానినే రైతులు జ్వరమునకు కూర్చుండుట అందురు. ఇంచుమించు ఒక దినము అది తల యెత్తి కదలక నిలుచును. అప్పుడు ఆకు వేయరు, పురుగును తాకరు. పడక ఆరియుండునట్లు సున్నపుపొడి చల్లి, గాలి ఆడనిచ్చి ఊరకుందురు. తెలియనివాడు, అయ్యో తినుట లేదే యని ఆకుమీద ఆకు వేసిన యెడల తడి చేరి రోగము వచ్చును. చివరి జ్వరమునుండి లేచిన పిదప మాత్రము అది తినునంత ఆకు తెచ్చుటకు ఇంటిల్లిపాదికి చేతులు చాలవు. పురుగు మారుచున్నప్పుడు ఊరకుండవలెనని మన రైతులకు ఎవరును ప్రసంగింపనక్కర లేదు. క్రొత్త కాపురము విషయములో మాత్రము మనకు ఆ ఓర్పు లేదు. మూడవ నెలనుండియే, ఏమైనా విశేషమా యని అడుగుదురు. ఆరవ నెలలో చీటీ కట్టుమందురు. ఆడబిడ్డ పెండ్లికి ఇంత ఇయ్యుమందురు.

సంఘము కూడ సేన వంటిదే యని చెప్పక తప్పదు. పడుచువాడు చురుకైనవాడని కనబడగానే యువజన సమాజమునకు కార్యదర్శిని చేయుదుము, క్రొత్త కోడలు చక్కగా పాడగలదని తెలియగానే గాయకబృందమునకు రమ్మందుము, కోతపండుగ చందా చీటీలో వారి పేరు పెద్దల పేర్లతో సమానముగా వ్రాయుదుము. ఇవన్నియు మంచి పనులే. మంచి పనులకు మినహాయింపు అడుగుట కష్టము. అందుచేతనే అవి ఎక్కువ బరువు.

భార్యను గూర్చి ఒక మాట. ఆ ఆజ్ఞలో తీరిక పురుషునికి, సంతోషము స్త్రీకి. పూర్వకాలపు సమాజములో సేనకు పోవువాడు పురుషుడే గనుక అట్లు వ్రాయబడినది. నేడు గార్మెంట్స్ బస్సెక్కి తెల్లవారకముందే పోవు భార్యలున్నారు. సాయంత్రము వారు దిగి వచ్చునప్పటికి బిందెలు ఖాళీగానే యుండును. 2019లో దేశమంతట జరిపిన కాలవినియోగ సర్వేలో ఇంటిపని చేయు స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు, ఇంటిపని చేయు పురుషులు 97 నిమిషములు దానికి వెచ్చించుచున్నట్లు తేలినది. అసలు ఆ పనిలో చేయి పెట్టిన పురుషులు నూటికి 26 మంది మాత్రమే. ఉద్యోగము చేయు తల్లులకు మొదటి రెండు కాన్పులకు జీతముతో 26 వారముల సెలవు 2017లో చట్టమైనది. సంతోషమే. వేరుసెనగ చేనిలో కూలి చేయు తల్లికి జీతపు సెలవు ఎవరిచ్చెదరు? ఆమెకు సెలవు ఇయ్యగలవాడు ఇంటిలోని భర్త యొక్కడే, ఆయన నీళ్ల బిందె ఎత్తుకొన్న గడియలలో. భార్యను సంతోషపెట్టుటకు ఏడాదిపాటు ఇంట నుండుమని చెప్పిన ఆజ్ఞ, ఇంటిలో నుండి మంచముమీద పండుకొనుమని చెప్పియుండదు. మా ఊళ్లలో బిందె ఎత్తుకొన్న మగవానిని చూచి నవ్వువారున్నారు. వారు తిరుగలి విసరి చూడవలెను.

పోక తప్పని యెడల ఇద్దరును కలిసి పోవుట మేలని మా అభిప్రాయము. అకుల, ప్రిస్కిల్ల యనువారు చక్రవర్తి ఆజ్ఞ వలన రోమా విడిచి కొరింథునకు వచ్చిరని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో చదువుచున్నాము. ఊరు మారినది, జీవనము మారినది. డేరాలు కుట్టు పని ఇద్దరిదియు ఒక్కటే, ఇల్లు ఒక్కటే, ఆ యింటిలో పౌలునకు కూడ చోటు దొరికినది. కాని మా అత్తగారు అడుగును: వారిద్దరును పోయిన యెడల నన్నెవరు చూతురు, ఆవునెవరు చూతురు? బెంగుళూరులో ఒక గది అద్దె ఇచ్చి మిగిలినదానితో వడ్డీ కట్టుటెట్లు? ఆ ప్రశ్నకు అన్ని యిండ్లకు సరిపోవు జవాబు లేదు. ఆ జంట విషయములో మాత్రము కుర్రవాడు ఇప్పుడు హిందూపురమునకు పని మార్చుకొన్నాడు. కూలి తక్కువ. శనివారము రాత్రి వచ్చి సోమవారము తెల్లవారుజామున పోవును. బిడ్డ మొదటి రెండు వారములు అతనిని చూచి ఏడ్చినది, ఇప్పుడు ఏడ్చుట లేదు. వడ్డీ తీరుటకు ఇంకను చాల కాలము పట్టును.

ఇప్పుడు మేము చేయుచున్నది చిన్న పని. వివాహ ప్రకటన మూడు ఆదివారములు చదువుటకు ముందు ఇరుపక్షముల పెద్దలను పిలిచి, ఈ పెండ్లికి అప్పెంత, నోటు ఎవరి పేరున, మొదటి సంవత్సరము వడ్డీ ఎవరు కట్టుదురు అని అడుగుచున్నాము. ఇది పాదిరిగారికి ఎందుకని కొందరు కోపపడిరి. కట్నము 1961 నుండి చట్టవిరుద్ధము గనుక ఆ మాట ఎత్తకుండ, ఖర్చు మాత్రమే చెప్పినవారున్నారు. ఒక తండ్రి ఏమియు పలుకక లేచిపోయినాడు. మరుసటి ఆదివారము ఆరాధన తరువాత వచ్చి, నోటు తన పేరుననే వ్రాయించుకొందునని, వీడియో మానుకొంటిమని, షామియానావానికి ఇచ్చిన అడ్వాన్సు మాత్రము తిరిగి రాదట, దానికేమి చేయవలెనని అడిగినాడు. షామియానా చిన్నది వేయించుకొనవచ్చునేమో కనుగొనుమని చెప్పి పంపితిమి.